గెరోల్డ్ స్వామి పీట మారిన రోజు

రండి, రండి. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి. ఆ పెద్దమ్మ పక్కన చోటుంది, సర్దుకోండి. చాప చాలకపోతే నేల ఉంది. నేల మీద కూర్చుని విన్న కథ తొందరగా ఒంటబడుతుందని మా గురువుగారు అనేవారు. మీ చేతుల్లో ఫోన్లు కాసేపు నోరు మూసుకుంటే ఇంకా మంచిది.

ఇది మన ఊరి కథ కాదు, మన దేశపు కథా కాదు. జర్మన్ల నేలలో, వెయ్యేళ్లకు పైమాటే, ఒక నది ఒడ్డున ఒక మఠం ఉండేది. క్రీస్తును కొలిచే సన్యాసుల మఠం. దేవుణ్ణి ఏ పేరు పెట్టి పిలిచినా మంచి గురువు ఎక్కడైనా ఒక్కలాగే ఉంటాడు. కాబట్టి మనవాళ్ల సంగతే అనుకుని వినండి.

ఆ మఠంలో బెర్నో అనే యువ సన్యాసికి ఒక చిక్కు వచ్చిపడింది. చిక్కు ఏమిటంటే, ఒక మాట. ఒట్టి మాట. అది అతనికి అన్నం సయించకుండా చేసింది.

బెర్నో చదువుకున్నవాడు. మఠంలో పుస్తకాలకు నకళ్లు రాయడం అతని పని. దానికి తోడు తనంత తానే ఇంకో పని నెత్తికెత్తుకున్నాడు. ఏ ప్రాంతం మనుషులకు ఏ పేరు ఎందుకు వచ్చిందో తోలుపత్రాల మీద రాసి కట్ట కడుతున్నాడు. స్వాబియా వాళ్లకు ఆ పేరెలా వచ్చింది? "మేం మావాళ్లం" అని తమని తాము చెప్పుకోవడంలోంచి. బవేరియా వాళ్లకు? పూర్వం బోయీలనే తెగ ఉండేది, వాళ్ల పేరు మీదుగా. ఇలా ఒక్కొక్కటే విడదీసి, ముడి విప్పినట్టు విప్పేవాడు. విప్పిన ప్రతిసారీ నలుగురికీ చదివి వినిపించేవాడు. వాళ్లు తల ఊపితే ముఖం వెలిగేది.

మఠంలో వంటశాల చూసుకునే ఫోల్కర్‌కు మాత్రం ఇదంతా ఆట.

"ఏమయ్యా పండితుడా, నా పేరెక్కడ పుట్టింది?" అని అడిగాడొకసారి, గరిటె పట్టుకుని.

"నీ పేరులో జనం అన్న మాట ఉంది అన్నా."

"చూశావా! అందుకే ఇంతమందికి వండి చావాల్సొచ్చింది!"

అలాంటివాడు ఫోల్కర్. సరే, బెర్నో చిక్కు సంగతికి వద్దాం.

ఆ మఠంలో అంతా ఫ్రాంకులనే తెగవాళ్లు. వాళ్లకు ఉత్తరాన సాక్సన్లు ఉండేవారు. ఇప్పటికీ జర్మన్ భాషలో ఆ పేరు మోసే ప్రాంతం మనిషిని జాక్సె అంటారు. మనం చరిత్ర పుస్తకాల్లో సాక్సన్ అని చదువుకున్నాం. ఫ్రాంకులకూ సాక్సన్లకూ ఏళ్ల తరబడి యుద్ధాలు. వాళ్లు వీళ్ల గుళ్లు తగలబెట్టారు, వీళ్లు వాళ్ల ఊళ్లకు ఊళ్లే తగలబెట్టారు. బెర్నో మేనమామ ఆ యుద్ధానికి వెళ్లి, చెవి దగ్గర్నించి గడ్డం దాకా ఒక గాటుతో తిరిగొచ్చాడు. చిన్నప్పుడు భోజనాల దగ్గర ఆ గాటు కథ వినని రోజు లేదు. తాను అక్కడేం చేసొచ్చాడో మాత్రం మేనమామ ఏనాడూ చెప్పలేదు.

ఇలా ఉండగా, కిందటి శరత్తులో ఒక సాక్సన్ వచ్చి మఠం తలుపు కొట్టాడు. పేరు హాదుమార్. పాతికేళ్లు దాటిన మనిషి. కాళ్లకు చెప్పుల్లేవు. ఒంటిమీద ఉన్ని దుప్పటి, నడుముకు మూరెడు కత్తి.

"సన్యాసం కావాలి" అన్నాడు వచ్చీరాని ఫ్రాంకుల మాటలో.

మఠంలో ఒక పద్ధతుంది. వచ్చినవాణ్ణి వెంటనే లోపలికి రానివ్వరు. నాలుగు రోజులు గుమ్మం దగ్గరే ఉంచుతారు, మనసు గట్టిదో కాదో చూద్దామని. హాదుమార్ నాలుగు రోజులూ వానలో కూర్చున్నాడు. ఐదో రోజు తలుపు తీస్తే గుమ్మం ఊడుస్తూ కనబడ్డాడు.

లోపలికి తీసుకున్నారు. అతని దుప్పటీ, ఆ మూరెడు కత్తీ మూటగట్టి బట్టల కొట్టులో పెట్టారు. అదీ పద్ధతే. మనిషి నిలిచిపోతే ఆ మూట అక్కడే మట్టిగొట్టుకుపోతుంది. వెళ్లిపోతే అతని మూట అతని చేతిలో పెట్టి పంపిస్తారు.

ఏడాది గడిచింది. హాదుమార్ గొర్రెలు కాశాడు, నీళ్లు మోశాడు, ఫోల్కర్ దగ్గర ఉల్లిపాయలు తరిగాడు, దావీదు కీర్తనలు సగం నేర్చుకున్నాడు. ఇక వ్రతం తీసుకునే రోజు దగ్గరపడింది. ఆ రోజు మఠాధిపతి కొత్త సన్యాసికి తన చేత్తో కొన్ని వస్తువులిస్తాడు. అంగీ, నడికట్టు, చేతిగుడ్డ, సూది, రాసుకునే పలక, ఒక చిన్న కత్తి. కత్తి ఎందుకంటారా? భోజనాల బల్ల దగ్గర ఎవరి రొట్టె వాళ్లే కోసుకోవాలి. రాసేవాడు కలం చెక్కుకోవాలి. ప్రతి సన్యాసి నడుముకీ కత్తి ఉంటుంది. పడుకునేటప్పుడు మాత్రం తీసి పక్కన పెట్టాలి.

ఇంతవరకు బాగానే ఉంది. అసలు సంగతి క్షవరం దగ్గర ఉంది.

నవ్వకండి, క్షవరమే! ఆ సన్యాసులు నడినెత్తి గొరిగించుకుని చుట్టూ వలయంలా జుట్టు ఉంచుకుంటారు. గడ్డమూ ఉండకూడదు. మంగలి లేడు. ఒకరికొకరు చేసుకోవాలి. ఆ మఠంలో దానికొక వరస ఉంది. ఎవరు ముందు మఠంలో చేరితే వాళ్ల పీట ముందు. వసారాలో గోడ పొడవునా ఇరవైమూడు పీటలు. చివరి పీట మనిషి లేచి తన ముందువాడికి గొరుగుతాడు. ఆ ముందువాడు లేచి వాడి ముందువాడికి. అలా పాకుతూ పాకుతూ మొదటి పీట మీది మఠాధిపతి దాకా వెళ్తుంది. ఆయన లేచి, ఆ చివరనుంచి ఈ చివరకు నడిచొచ్చి, అందరికన్నా చిన్నవాడికి తన చేత్తో గొరుగుతాడు. పెద్దవాడు చిన్నవాడికి చేసే సేవ అన్నమాట.

ఇన్నాళ్లూ ఆ ఇరవైమూడో పీట బెర్నోది. మఠాధిపతి గెరోల్డ్ స్వామికి డెబ్బై దాటాయి, చేతులు వణుకు. క్షవరం అయిన మర్నాడు బెర్నో నెత్తి చూస్తే ఎలుక కొరికిన జున్నుముక్కలా ఉండేది. అయినా గురువు చేతి గాటు అని మురిసిపోయేవాడు.

ఇప్పుడు హాదుమార్ వస్తే ఇరవైనాలుగో పీట పడుతుంది. అప్పుడు బెర్నో గొంతు దగ్గర కత్తి పట్టుకునేదెవరు?

చూశారా, మీకు అర్థమైంది. బెర్నోకూ అర్థమైంది. కానీ ఆ సంగతి తనకే ఒప్పుకోలేదు. ఆ వారమే అతని పుస్తకంలో సాక్సన్ అన్న పేరు దగ్గరకు వచ్చాడు. తరచి తరచి చూశాడు. తేలింది. పాత మాటల్లో సాహ్స్ అంటే పొడుగాటి కత్తి. ఆ కత్తి పట్టినవాళ్లు సాక్సన్లు. మనుషుల పేరే కత్తి!

మెడ తడుముకున్నాడు. రాసి, తోలుపత్రం తీసుకుని గురువు దగ్గరికి వెళ్లాడు.

"స్వామీ, రేపు సభలో నేనొక మాట చెప్పాలి."

"చెప్పు. చిన్నవాడి నోట దేవుడు మాట్లాడతాడని మన నియమంలోనే ఉందిగా" అన్నాడు గెరోల్డ్ స్వామి.

మర్నాడు సభ కూర్చుంది. ఇంకా వ్రతం తీసుకోనివాళ్లు సభలోకి రాకూడదు. అందుకని హాదుమార్ తలుపు బయట గొర్రెల కొట్టం పనిలో ఉన్నాడు. లోపల మాటలు బయటకు వినిపిస్తూనే ఉన్నాయి.

బెర్నో నిలబడి చదివాడు. గొంతు గట్టిగా, నిబ్బరంగా ఉంది. సాక్సన్ల పేరు ఎక్కడ పుట్టింది, పాత మాట ఏమిటి, ఆ కత్తి ఎంత పొడుగు, అన్నీ. చివర అన్నాడు:

"పేరు ఊరికే రాదు పెద్దలారా. నిప్పు లేనిదే పొగ రాదు. హాదుమార్‌ని వద్దనడం లేదు. వ్రతం ఇద్దాం. కత్తి మాత్రం ఇవ్వొద్దు. ఏ కత్తీ ఇవ్వొద్దు. నడుముదీ, క్షవరానిదీ."

సభలో గుసగుసలు మొదలయ్యాయి. ఇద్దరు ముగ్గురు తల ఊపారు. వాళ్లకీ మేనమామలున్నారు మరి.

ఫోల్కర్ లేచాడు. "ఏడాదిగా వాడు నా వంటింట్లో కత్తి పట్టుకునే ఉన్నాడు. ఆ కత్తి వల్ల ఇప్పటిదాకా కన్నీళ్లు పెట్టుకున్నది వాడొక్కడే, ఉల్లిపాయలకి!"

నవ్వారు. కానీ బెర్నో నవ్వలేదు. "ఉల్లిపాయకు మెడ ఉండదు అన్నా" అన్నాడు.

అప్పుడు ఉపాధిపతి వాల్టో గొంతు సవరించుకున్నాడు. ఆయన నియమం తప్పి నడవని మనిషి. "సగం సన్యాసి అనేవాడు మన నియమంలో లేడు. ఇస్తే ఆరు వస్తువులూ ఇవ్వాలి. కత్తి ఇవ్వలేం అంటే మనిషినే ఉంచుకోలేం. మూట ఇచ్చి పంపెయ్యాలి. అంతే."

 బెర్నో అడిగింది ఇది కాదు. బయట కొండల మీద అప్పటికే మంచు పట్టింది. హాదుమార్ ఊరు యుద్ధంలో కాలిపోయిందని, పోదామన్నా చోటు లేదని అందరికీ తెలుసు. అయినా "నేను అలా అనలేదు" అనడానికి బెర్నోకు నోరు రాలేదు. పండితుడు మాట వెనక్కి తీసుకోవడం ఎంత కష్టమో మీకు చెప్పాలా?

గెరోల్డ్ స్వామి చెయ్యి చాచాడు. బెర్నో తోలుపత్రం ఇచ్చాడు. ఆయన చూపు ఆనదు. వేలితో తడుముతూ చూశాడు. ఒకచోట వేలు ఆగింది.

"ఇక్కడ గరుగ్గా ఉందేం?"

"అది... అక్కడ ఒక పంక్తి గీకేశాను స్వామీ."

"ఎవరి గురించి?"

బెర్నో గొంతు తగ్గింది. "మన గురించే. ఫ్రాంకులంటే స్వేచ్ఛ గలవాళ్లని ఒక మాట ఉంది. ఈటె పేరు మీదుగా వచ్చిందని ఇంకో మాట ఉంది. రెండోది నాకు సరిగా తోచలేదు."

"దేనితో గీకావు?"

"కత్తితో స్వామీ."

గెరోల్డ్ స్వామి "ఊఁ" అన్నాడు. పత్రం తిరిగి ఇచ్చేశాడు. "ఎల్లుండి వ్రతం. రేపు క్షవరం. హాదుమార్ కూడా రేపు వరసలో కూర్చోవాలిగా. క్షవరం అయ్యాక తేల్చుకుందాం."

అందరూ లేచారు.

ఆ సాయంత్రం బావి దగ్గర బెర్నోకు హాదుమార్ ఎదురుపడ్డాడు. రెండు బకెట్లు నీళ్లు తోడి పెట్టి ఉన్నాడు. తప్పుకుపోదామనుకున్నాడు బెర్నో. అవతలివాడే పలకరించాడు.

"అన్నా, మీరు చదివింది విన్నాను."

బెర్నో చూపు తిప్పుకున్నాడు.

"నిజమే రాశారు" అన్నాడు హాదుమార్. "మాకూ తెలుసు మా పేరు అదేనని. కాకపోతే మా ఇంట్లో ఆ కత్తి అంటే రొట్టె కోసుకునేది, గొర్రె బొచ్చు తీసేది. యుద్ధం వచ్చాక..." ఆగిపోయాడు. బకెట్టు పిడి సర్దుతూ అన్నాడు, "కత్తి లేకుండా ఉండమన్నా ఉంటాను అన్నా. ఒక్కటే దిగులు. బల్ల దగ్గర అందరూ ఎవరి రొట్టె వాళ్లు కోసుకుంటారు. నేను రోజూ ఎవర్ని అడగాలి, కోసిపెట్టమని?"

 అసలు నిన్ను ఉంచుకునేలా లేరయ్యా, పంపేసేలా ఉన్నారు అని చెప్పడానికి బెర్నోకు నోరు రాలేదు. హాదుమార్‌కు అది తెలుసో తెలియదో. అతను బకెట్లు ఎత్తుకుని, బెర్నో గదికి కావలసిన నీళ్లు కూడా తనే మోసుకుని వెళ్లాడు.

మర్నాడు పొద్దున ఎండ బాగా వచ్చాక వసారాలో పీటలు వేశారు. ఈసారి ఇరవైనాలుగు. వేడినీళ్లు తెచ్చారు, తువ్వాళ్లు తెచ్చారు, మంగలికత్తుల పెట్టె తెచ్చారు. క్షవరం జరిగినంతసేపూ అందరూ కలిసి కీర్తన పాడాలి. ఊసుపోక కబుర్లు కూడదు. ఎవరి పీట దగ్గర వాళ్లు నిలబడ్డారు. చివర హాదుమార్. వాడి ముందు బెర్నో. వాడి ముందు ఫోల్కర్.

బెర్నో మొహం సున్నం కొట్టినట్టు ఉంది. గెరోల్డ్ స్వామి మొదటి పీట దగ్గర్నించి మెల్లగా నడుచుకుంటూ వచ్చాడు. ఒక్కో పీటా దాటాడు. వచ్చి బెర్నో ముందు నిలబడ్డాడు.

"నువ్వెళ్లి నా పీట మీద కూర్చో."

"స్వామీ?"

"నీ పీట ఇవాళ్టికి నాకియ్యి."

వాల్టో కంగారుపడ్డాడు. "స్వామీ, వరస తప్పుతుంది."

"తప్పనియ్యవయ్యా. అరవై ఏళ్లుగా తప్పలేదు. ఒక్కరోజుకి ఆకాశం ఊడిపడదు."

బెర్నో కాళ్లీడ్చుకుంటూ వెళ్లాడు. మొదటి పీట. మఠాధిపతి పీట. ఎవరికైనా ఆ పీట మీద కూర్చుంటే ఛాతీ ఉబ్బాలి. బెర్నోకు ముళ్ల మీద కూర్చున్నట్టుంది. అక్కడినుంచి చూస్తే వసారా చివర ముసలాయన ఎంతో చిన్నగా కనబడుతున్నాడు.

గెరోల్డ్ స్వామి బెర్నో పీట మీద కూర్చుని మోకాళ్ల మీద చేతులు పెట్టుకున్నాడు. వంటశాల పెద్దను పిలిచాడు. "ఫోల్కర్, ఈ పెట్టెలో కత్తులన్నీ మొద్దుబారిపోయాయి. బట్టల కొట్లో ఈ అబ్బాయి మూట ఉంది. అందులో ఉన్నది పట్రా. సానరాయి కూడా."

ఫోల్కర్ కూడా ఈసారి పరిహాసమాడలేదు. వెళ్లి తెచ్చాడు. ఒరలోంచి తీస్తే మూరెడు ఇనుము. ఏడాదిగా మూలపడి మసకబారింది. దాన్ని చూసి పీటల వరసంతా ఒక్కసారి వెనక్కి జరిగినట్టయింది.

హాదుమార్ చేతులు చాచలేదు. "స్వామీ, వద్దు. ఇది మా నాన్నది. దీనితో గొర్రెలకు బొచ్చు తీశాను, రొట్టె కోశాను. కానీ ఒకసారి..."

"ఆ ఒకసారి సంగతి దేవుడికి చెప్పుకున్నావా?"

"చెప్పుకున్నాను స్వామీ."

"అయితే నాకక్కర్లేదు. పదునుందా లేదా, అది చెప్పు."

హాదుమార్ కత్తి అంచు మీద బొటనవేలు వేసి చూశాడు. "లేదు స్వామీ. పట్టాలి."

"పట్టు మరి. మొద్దు కత్తితో గీకించుకోవడం ఎలా ఉంటుందో బెర్నోని అడుగు, చెబుతాడు."

సానరాయి మీద నీళ్లు చల్లి హాదుమార్ పదును పట్టాడు. జర్రు, జర్రుమని ఆ చప్పుడొక్కటే. కీర్తన ఇంకా ఎవరూ ఎత్తుకోలేదు. ముసలాయన వేడినీళ్లతో తనే మెడా గడ్డమూ తడుపుకున్నాడు. తల వెనక్కి వాల్చి, గొంతు పైకెత్తి, కళ్లు మూసుకుని తనే కీర్తన మొదలుపెట్టాడు.

మిగతావాళ్లు అందుకోవాలి. అందుకోలేదు. నోళ్లు పెగల్లేదు.

ఆయనొక్కడే పాడుతున్నాడు. హాదుమార్ ఆయన గడ్డం కింద ఎడమచెయ్యి ఆనించాడు, కత్తి మెడమీద పెట్టాడు. పాడుతుంటే ఆ ముసలి గొంతుముడి పైకీ కిందికీ కదులుతోంది. కత్తి దాని పక్కనుంచే పోతోంది. గొంతుముడి పైకి వెళ్లినప్పుడు కత్తి ఆగుతోంది. కిందికి దిగినప్పుడు నడుస్తోంది. పాట ఆగలేదు. కత్తీ తొందరపడలేదు.

మెడ అయింది. గడ్డం అయింది. నెత్తి అయింది. నాయనలారా, ఆ తల మీద ఒక్క గాటు లేదు, ఒక్క చుక్క నెత్తురు లేదు. ఎండలో ఆ నెత్తి తోమిన గిన్నెలా మెరిసింది.

హాదుమార్ కత్తి తుడిచి కింద పెట్టాడు. 

గెరోల్డ్ స్వామి కళ్లు తెరిచాడు. తల తడుముకున్నాడు. లేచి మంగలికత్తి తీసుకుని, వరస ప్రకారం తన ముందున్న ఫోల్కర్ వైపు తిరిగాడు. చెయ్యి ఎప్పట్లాగే గడగడలాడుతోంది.

ఫోల్కర్ ఆ చేతిని చూశాడు, కత్తిని చూశాడు. రెండు చేతులూ జోడించాడు. "స్వామీ, మీకు దణ్ణం పెడతాను. మీకన్నా ఆ సాక్సనే నయం."

అంతే, వసారా వసారా గొల్లుమంది. నియమం మనిషి వాల్టో కూడా తువ్వాలు నోటికడ్డం పెట్టుకున్నాడు. అందరికన్నా ఎక్కువ నవ్వింది గెరోల్డ్ స్వామే.

ఆ నవ్వులో ఒక మనిషి లేచాడు. బెర్నో. మఠాధిపతి పీట దిగి ఇరవైమూడు పీటల ముందునుంచీ నడుచుకుంటూ వచ్చాడు. ఒక్కొక్కళ్ల నవ్వూ ఆగిపోయింది. వచ్చి తన పీట మీద కూర్చున్నాడు. హాదుమార్ వైపు చూడకుండానే మెడ ఎత్తాడు.

హాదుమార్ కిందనున్న కత్తి తీసుకోలేదు. "అన్నా," అన్నాడు మెల్లగా, "భయంగా లేదా?"

"ఉంది" అన్నాడు బెర్నో. "కానియ్యి."

ఈసారి కీర్తన ఇరవైరెండు గొంతుల్లోంచి వచ్చింది. బెర్నో పాడలేదు. కళ్లవెంట నీళ్లు కారుతుంటే హాదుమార్ క్షవరం నీళ్లతోపాటే వాటినీ తువ్వాలుతో ఒత్తాడు. 

క్షవరాలన్నీ అయ్యాక గెరోల్డ్ స్వామి పీటల మధ్య నిలబడ్డాడు. "నిన్న సభలో ఒక మాట మిగిలిపోయింది. ఎవరైనా ఎత్తుతారా?"

 బెర్నో లేచాడు. "స్వామీ, ఆ మాట నాది. నేనే వెనక్కి తీసుకుంటున్నాను."

మర్నాడు హాదుమార్‌కు వ్రతం ఇచ్చారు. అంగీ, నడికట్టు, చేతిగుడ్డ, సూది, పలక, కత్తి. ఆరూ ఇచ్చారు. ఆ మధ్యాహ్నం భోజనాల బల్ల దగ్గర హాదుమార్ తన రొట్టె తాను కోసుకున్నాడు.

అంతా అయ్యాక బెర్నో గురువుగారి వెంట నది ఒడ్డున నడుస్తున్నాడు. చాలాసేపు తటపటాయించి అడిగాడు.

"స్వామీ, ఒక్క మాట. ఆ కత్తి మెడమీద పెట్టినప్పుడు మీకు భయం వెయ్యలేదా?"

గెరోల్డ్ స్వామి నడక ఆపలేదు.

"వేసింది నాయనా. వెయ్యకపోతే నేనెందుకు? ఎవర్నో ఒకర్ని కూర్చోబెట్టేవాణ్ణి."

బెర్నో అక్కడే నిలబడిపోయాడు. ముసలాయన ముందుకు వెళ్లిపోయాడు.

కథ ఇంతే తల్లులారా, తండ్రులారా. బెర్నో రాసిన పుస్తకం మరిచిపోండి, పేర్ల సంగతులు మరిచిపోండి, నా మాటలూ మరిచిపోండి, ఏం పర్లేదు. ఒక పెద్దాయన వసారా ఈ కొసనుంచి ఆ కొసకు నడిచొచ్చి, భయపడ్డవాణ్ణి లేపి, వాడి పీట మీద తాను కూర్చున్నాడు. ఆ ఒక్క పనీ కొంగున ముడేసుకుని వెళ్లండి. ఇంటికెళ్లగానే ఒకరికి చెప్పండి. రేపు మీ ముందు అలాంటి పీట కనబడితే, చెప్పడం ఆపి, కూర్చోండి.